అంటు కింది చిగురు

కొంపల్లి మీదుగా బస్సులో పోతుంటే మా అత్త కిటికీకి ముఖం ఆనించి, గోడల మీదికి వంగిన మామిడికొమ్మలను చూపించేది. "అగో పిల్లా, తల బంగినపల్లిది. కాళ్లు మనయే!" పక్క సీటువాళ్లు ఈ ముసలామెకు ఏమైందని చూసేవాళ్లు. నాకు నవ్వొచ్చేది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. శామీర్‌పేట దగ్గర మేం కౌలుకు చేసిన పొలం గట్టున ఒక నాటు మామిడి ఉండేది. మా మామ బతికున్న రోజుల్లో పెట్టిన చెట్టు. పండు గొప్పదేం కాదు, అంతా పీచు. తిన్నాక నాలుక మీద పులుపు మిగిలేది. కానీ దాని టెంక మొలిస్తే వేరు గట్టిగా దిగేది, ఎండకు తట్టుకునేది. పైన బంగినపల్లి కొమ్మ అంటు కట్టడానికి నర్సరీవాళ్లు మా మొక్కలే అడిగేవాళ్లు. పండ్లు తినడం ఆలస్యం, టెంకలు ఎండిపోకముందే మట్టి నింపిన నల్ల సంచుల్లో పాతేవాళ్లం. టెంక తలకిందులుగా పడితే మొక్క మెడ వంకర తిరుగుతుంది, అది ఎవరికీ పనికిరాదు.

అత్త ఆ నర్సరీలోనే కూలికి పోయేది. అంటు అతుకు కింద చిగురు వస్తే గిల్లెయ్యాలి, లేకపోతే పైకొమ్మకు పోయే బలమంతా అదే లాగేస్తుంది. దాన్ని ఆమె దొంగ చిగురు అనేది. ముచ్చట్లు చెబుతూ, అటు చూడకుండానే గిల్లేది.

తెలంగాణ వచ్చిన ఏడు ఆసామి ఆ పొలాన్ని ప్లాట్లకు అమ్మేశాడు. చెట్టు కూడా పోతుందని తెలిసింది. ఆ ఏడు దానికి కాపు లేదు, కొత్త టెంకలు లేవు. నిరుటి మొక్కలన్నీ నర్సరీకి పోగా మా ఇంటి వెనక మెడ వంకరది ఒక్కటే మిగిలింది.

"గిదున్నది గద అత్తమ్మా, గా చెట్టు పిల్లనే."

"టెంకల నుంచి లేసినదానికి ఏం పండు కాస్తదో ఎవరికెరుక? నాకు మీ మామ పెట్టిన పండే గావాలె."

అత్త నర్సరీలో అంటు కట్టే భాయ్ దగ్గరికి పోయి, పాత చెట్టు కొమ్మనే దాని పిల్ల మీద కట్టమంది. ఆయన నవ్వాడు. "క్యా అక్కా, పులుపు మీద పులుపు కడ్తరా ఎవరన్న?" ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "సరే. మంచి పుల్ల చూసి ఆకులు తెంపు, కాడలుంచు. కొన మొగ్గ ఉబ్బినంక కోసుకరా. జల్దీ చెయ్యకు."

అత్త ఆకులు తెంపి వచ్చింది. రోజూ పొద్దున పోయి మొగ్గను తడిమి చూసేది. "ఇంక లేవలే," అంటూ తిరిగి వచ్చేది.

ఒకరోజు మేం పోయేసరికి చెట్టు పడుకొని ఉంది. అత్త కొమ్మల్లో దూరి, ఆకుల్లేని పుల్ల కోసం వెతికింది. చెట్టును కూల్చిన మిషన్ మీది పిల్లగాడు అరిచాడు: "ఏ అవ్వా, జరుగు! మీద పడ్తది!"

"ఇగ పడేటిదేమున్నది బిడ్డా," అంది అత్త.

తడిగుడ్డలో చుట్టి తెచ్చిన పుల్లను భాయ్ అటూ ఇటూ తిప్పాడు. "మొగ్గ ఇంక నిద్రలనే ఉన్నది గదక్కా." అయినా కట్టాడు. ఆ పుల్ల కొన్నాళ్లు పచ్చగానే ఉండి, తర్వాత నల్లబడింది. కానీ అతుకు కింద, వంకర మెడ మీద, రాగిరంగు చిగురొకటి లేచింది.

"గిది ఉంచక్కా," అన్నాడు భాయ్. "గిప్పుడు గిది దొంగ కాదు, ఇంటిదే."

అత్త మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప పెట్టింది. పొద్దున లేస్తూనే దాన్ని చూసేది.

ఒక సాయంత్రం పక్కింటామె వచ్చింది. అత్త మొక్క పక్కనే కూర్చొని, ముళ్లకంప జరిపి నీళ్లు పోస్తూ, చెట్టు కూలిన ముచ్చట చెబుతోంది. నేను గడపలో బియ్యం ఏరుతున్నాను. ముచ్చట మధ్యలో ఆగిపోయింది. తలెత్తితే అత్త తన అరచేతిని చూసుకుంటోంది. అందులో ఆ చిగురుంది.

"పిల్లా, ఏం జేసిన నేను?"

"మళ్ల వస్తదిలే అత్తమ్మా," అన్నాను.

వానలు పోయేదాకా, తెరిపి రోజుల్లో నేనే నీళ్లు పోశాను. ఆమె దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. మొక్క పైనుంచి కిందికి ఎండుతూ వచ్చి, చివరికి మొదలుదాకా పోయింది.

తర్వాత కూడా ఆ బస్సులో చాలాసార్లు పోయాం. ఎక్కగానే కిటికీ పక్క సీటు నాకిచ్చి, అత్త నడిచే దారి వైపు కూర్చునేది.