కదలని కన్సల్టెంటు

ఏ సంస్థ ఏ కార్యక్రమం తలపెట్టినా, ప్రణాళిక వేసిపెడతానంటూ ఈ కన్సల్టెంటుగారు సంచీ భుజాన వేసుకుని దిగిపోతారు. ఆరడుగుల మనిషి, దానికి తగ్గ ఒళ్లు. ఆయన నోరు తెరిస్తే వరదే. అవతలివాళ్లు నోరు తెరిస్తే మాత్రం గడియారం చూసుకుని, "మరో మీటింగుందండీ" అని లేచి చక్కాపోతారు. అలాంటాయన పిల్లల హక్కుల సంస్థకి ఇంటర్వ్యూకొచ్చారు. ఆఫీసు గదికి రంగులేస్తుండటంతో సంస్థ డైరెక్టరమ్మ ఆయన్ని పిల్లలు ఆడుకునే గదిలోకి తీసుకెళ్లింది. "పిల్లల ఎత్తులోంచే లోకాన్ని చూడాలండీ" అంటూ ఆయన పెద్ద కుర్చీ వద్దని, చేతులున్న ఓ బుల్లి కుర్చీలో కూలబడి అరగంట దంచారు. ఇంతలో బడి వదిలారు, పిల్లలు బిలబిలా వచ్చేశారు. ఆయన గడియారం చూసుకున్నారు, లేవబోయారు, ఎందుకో మళ్లీ సర్దుకు కూర్చున్నారు. పిల్లలు చుట్టూ చేరి తమ హక్కులు ఏకరువు పెట్టసాగారు.

"మేం తింటుంటే ఎవరూ తొందరపెట్టకూడదు" అంది ఒక పిల్ల.

"అలాగేనమ్మా."

"తమ్ముడు అల్లరి చేస్తే నన్ను తిట్టకూడదు" అంది ఇంకో పిల్ల.

"అస్సలు కూడదు తల్లీ. ఇంకా చెప్పండి" అన్నారాయన చెమట తుడుచుకుంటూ. చీకటిపడేదాకా వాళ్లు చెబుతూనే ఉన్నారు, ఆయన వింటూనే ఉన్నారు. డైరెక్టరమ్మ కరిగిపోయింది.

"ముందొచ్చినవాళ్లంతా పిల్లల్ని చూడగానే జారుకున్నారండీ. ఈ పని మీదే. ఇక లేవండి."

ఆయన లేచారు. ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది.

"అది నా కుర్చీ, ఇచ్చి వెళ్లాలి" అంది అందరికంటే చిన్నది, హక్కుగా.