నాలుగో అంతస్తు

ఆ భవనంలో మూడో అంతస్తు పళ్ల డాక్టరుది, నాలుగోది తాగుడు మాన్పించే కేంద్రానిది. లిఫ్టు నడిపే పెద్దమనిషి పదకొండేళ్ల పరిశోధనలో తేలిందేమంటే, నాలుగుకు వెళ్లేవాళ్లెవరూ నాలుగు అనరు. దవడ పట్టుకుని "మూడు" అంటారు. అక్కడ దిగి, మిగిలిన మెట్లు పిల్లుల్లా ఎక్కేస్తారు. ఆయన ఆ రహస్యాన్ని ఎన్నడూ పొక్కనివ్వలేదు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, బుగ్గన రెండు యాలకులు. వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మీట నొక్కుతుంటే ఏ రాజశాసనానికో ముద్ర వేస్తున్నట్టుండేది. ఆ యాలకులు ఏ వాసనను దాస్తున్నాయో లిఫ్టెక్కే వాళ్లందరికీ తెలుసు. మర్యాదస్తులు గనక వాళ్లూ పైకి అనలేదు.

నిన్న పొద్దున లిఫ్టులోకి ఆయన కూతురు ఒక్కతే వచ్చింది.

"పన్ను నొప్పా తల్లీ? మూడేగా?"

"కాదు నాన్నా, నాలుగు."

ఆయన గొంతు తగ్గించాడు. "అల్లుడు గానీ మొదలెట్టాడా ఏమిటే?"

"ఆయన టీ కూడా ముట్టడు. నీకోసమే వచ్చా."

నాలుగులో తలుపు తెరుచుకుంది. "దిగు నాన్నా."

"డ్యూటీలో లిఫ్టు వదలకూడదమ్మా. రూలు."

"సరే, నేను వెళ్లి నీ పేరు రాయిస్తా. నువ్వు కిందికి పోతే పో, ఏమీ అనను," అంటూ ఆమె లోపలికి నడిచింది.

కింద గంట మోగింది. మళ్లీ మోగింది. "ఏమయ్యా, నిద్రపోయావా?" అని ఎవరో కేకేశారు. ఆయన దిగలేదు, కిందికీ పోలేదు. మూసుకోబోతున్న తలుపుకు భుజం అడ్డం పెట్టి, కూతురు వెళ్లిన వైపే చూస్తూ నిలబడ్డాడు.