షాపులో ఉంది కదా

భోపాల్‌పట్నం బస్టాండు దగ్గర నాదొక ఆన్‌లైన్ షాపు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచీ ఆధార్ అనీ రేషన్ అనీ హిందీలో ఒకరు, తెలుగులో ఒకరు, దోర్లీలో ఒకరు నా తల తింటారు. సాయంత్రానికి ఏ భాషలోనూ నోరు తెరవబుద్ధి కాదు. ఇంట్లో అన్నం తిన్నావా అంటే తల ఊపుతాను, అంతే.

నా కంప్యూటర్ నాకంటే అలసిపోయింది. దాని హార్డ్‌డిస్క్ కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. చిన్న ఫైలు రాయమన్నా గరగరమని గొణుగుతుంది. కొత్తది కొనే స్తోమత లేక, ఇంటర్నెట్‌లో చదివి ఒక ఉపాయం చేశాను. కాసేపటి పనికి వాడే తాత్కాలిక ఫైళ్లన్నీ డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే ఉండేట్టు పెట్టాను. కరెంటు ఉన్నంతసేపు అవి అక్కడ ఉంటాయి, మిషన్ ఆగితే పోతాయి. పని చకచకా సాగింది. ఊరందరి కాగితాల నకళ్లూ నా దగ్గర పోగుపడవు గనక, ఊడ్చుకునే బాధ కూడా తప్పింది.

ఒక సంత రోజు ఇంద్రావతి నది వైపు ఊరి నుంచి ఒక తాత, ఆయన కోడలు వచ్చారు. వానాకాలంలో తాత భార్య చనిపోయిందట. ఆమెది ఉన్నది ఒకటే ఫోటో. ఎవరి పెళ్లిలోనో నలుగురి మధ్య నిలబెట్టి కోడలు తన ఫోన్‌లో తీసింది.

"ఈమె ఒక్కదాన్నే పెద్దగ చెయ్యి బిడ్డా" అన్నాడు తాత.

కేబుల్ తగిలించి, ఫోటోను ఎప్పటిలాగే ఆ తాత్కాలిక ఫోల్డర్‌లోకి దించాను. రంగుల సిరా అయిపోయింది, వచ్చే సంతకు రండి, గోడకు పెట్టుకునేంత పెద్దది ఇస్తానన్నాను. వాళ్లు జీపెక్కి వెళ్లిపోయారు. జనం పలచబడ్డాక ఆ ఫోటో ముందు కూర్చున్నాను. ఆమె భుజం మీద పక్కామె వేసిన చెయ్యి చెరిపాను. వెనక నిలబెట్టిన ట్రాక్టర్ చెరిపాను. నడుము పట్టేసింది. అంతా అయ్యాక డిస్క్‌లో దాచుదామనుకుంటుండగా కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె చచ్చి చాలా కాలమైంది, బాగుచేయించే ఓపిక నాకు లేదు. చేసిన పనంతా పోయినందుకు విసుక్కున్నాను. ఫోటో వాళ్ల ఫోన్‌లో ఉంది కదా, మళ్లీ చేయొచ్చులే అనుకుని షట్టర్ దించేశాను.

తర్వాతి సంతకు ఇద్దరూ వచ్చారు. జరిగింది చెప్పి ఫోన్ అడిగాను. కోడలు నా ముఖం వంక అదోలా చూసింది.

"ఫోన్ నిండిపోయిందక్కా. షాపుల ఉంది కదా అని తీసేసిన."

ఇక్కడ అందరూ అంతే. చింతపండు సేఠ్ గోదాములో వేసి నిశ్చింతగా ఇంటికి పోయినట్టు, ఫోటోలు నాకిచ్చి ఫోన్ ఖాళీ చేసుకుంటారు. నేనేమో ఏదీ దాచకుండా ఏర్పాటు చేసుకుని కూర్చున్నాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు కీబోర్డును పక్కకు నెట్టాను. ఇంకెవరి దగ్గరైనా ఉందా అంటే లేదంది. పోయిన ఫోటోలను వెతికే సాఫ్ట్‌వేర్ ఒకటి ఫోన్ మీద నడిపాను. ఎవరివో కోడిపుంజులు, సగమే కనిపించే పూలదండ వచ్చాయి. ఆమె రాలేదు. నా డిస్క్ మీద ఉండి ఉంటే ఎంత ముసలిదైనా గీకి వెతికేదాన్ని. ర్యామ్‌లో వెతకడానికి ఏమీ మిగలదు.

"ఏందే, ఏమైంది?" అని తాత అడిగితే కోడలు దోర్లీలో చెప్పింది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నావైపు వంగాడు.

"నువ్వు ఆ తెర మీద పెద్దగ చూసినవు గదా బిడ్డా. ముఖం ఎట్లుండె, చెప్పు."

చెప్పబోయాను. ట్రాక్టర్ గుర్తొచ్చింది. భుజం మీది చెయ్యి, దానికున్న ఆకుపచ్చ గాజులు గుర్తొచ్చాయి. చెరిపినవన్నీ కళ్ల ముందున్నాయి. ఉంచిన ముఖం లేదు. ఆ రోజు ఎందరి ముఖాలు చూశానో! నాకు సిగ్గేసింది.

"గుర్తు లేదు తాతా" అన్నాను.

ఆయన మెల్లగా తల ఊపాడు.

"నాకు గూడ పోతాంది బిడ్డా. అందుకే పెద్దగ చెయ్యమన్న."