డీజిలు అందని బండిలో తిరుపతికి

శ్రీ వేంకటాచలవాసునికీ, అలమేలుమంగాదేవికీ, సకల ప్రయాణాలకూ ముందు నడిచే విఘ్నరాజుకూ అంజలి ఘటించి ఈ వృత్తాంతాన్ని ఆరంభిస్తున్నాను. రుధిరోద్గారి నామ సంవత్సర వైశాఖ శుద్ధ సప్తమి, గురువారంనాడు మేము చిత్తూరు నుండి తిరుపతికి బయలుదేరాము.

నా కుమార్తె కూతురు వసుంధర భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకొని రెండేళ్ళయింది. తిరుపతిలోని ఒక కళాశాలవారు ప్రయోగశాలలో సహాయకురాలి పనికి ఆనాడు పదకొండు గంటలకు ముఖాముఖికి రమ్మని ఆమెకు ఉత్తరం వ్రాశారు. ఉన్నది ఒక్క స్థానం. వేళకు హాజరు కానివారి పేరు కొట్టివేస్తామని ఉత్తరం చివర స్పష్టంగా ఉన్నది. అంతకుముందు రెండుచోట్ల ఆమెకు ఉద్యోగం చేజారిపోయింది. అందుచేత ఉదయం అయిదూ ముప్పావు బస్సుకే వెళ్ళిపోదామని ఆమె పట్టుపట్టింది.

నేను అంగీకరించలేదు. గురువారం యమగండం ఏడున్నర వరకు ఉంటుంది. పైగా నా పూర్వశిష్యుడు మునిరత్నం ఎనిమిది రోజుల క్రితమే ఒక పాత డీజిలు కారు కొన్నాడు. తొలి ప్రయాణం అయ్యవారితోనే కావాలని అతని కోరిక. ముందునాటి సాయంకాలం అతడు తొట్టి నిండా డీజిలు పోయించి తీసుకురాగా, ఆ బండికి పూజ నేనే చేశాను. సానమీద స్వయంగా అరగదీసిన గంధాన్ని, ఎండకు రాలిపోకుండా చిక్కగా కలిపి, ముఖదీపాలు మొదలుకొని వెనుక పక్కనున్న డీజిలు మూత వరకు ఏ అంగాన్నీ విడువక అలది, నడుమ కుంకుమ ఉంచాను. “అయ్యవారు పెట్టిన బొట్టు, అదంతట అది రాలేదాకా నేను తుడవను” అన్నాడు మునిరత్నం.

ఏడూ ముప్పైఅయిదుకు బయలుదేరాము. బండి చక్కగా నడిచింది. నేను ముందు కూర్చుని దారిపక్క మామిడితోటలు చూస్తూ, యాత్రారంభానికి సుముహూర్తం ఎంత అవసరమో వసుంధరకు వివరిస్తున్నాను. ఆమె వెనుక కూర్చుని తన పుస్తకంలోనుండి తలెత్తలేదు.

పూతలపట్టు దాటిన కొద్దిసేపటికి, ఎనిమిదిన్నర ప్రాంతంలో, బండి వేగం తగ్గింది. మునిరత్నం కాలితో ఎంత తొక్కినా ఇంజను ఎత్తుకోలేదు. రెండుసార్లు దగ్గినట్లు శబ్దం చేసి ఆగిపోయింది.

“డీజిలు నిండా ఉండాది అయ్యవారూ. ముల్లు సూడండి, పైనే ఉండాది. ఇంజనుకు అందలా, అంతే” అన్నాడు.

డీజిలును వడకట్టే డబ్బాలో మురికి చేరి ఉంటుందని అతని ఊహ. ఇంజను మూత ఎత్తి, ఆ డబ్బాలోని పాత వడపోతను తీసి, వెంట తెచ్చుకున్న కొత్తది అమర్చాడు. ఆ పిమ్మట గొట్టాలలో చేరిన గాలిని బయటికి పంపాలి. డబ్బా పైనున్న మరను ఒకరు సడలించి పట్టుకోవాలి, మరొకరు పంపు కిందనున్న చిన్న మీటను చేతితో కొట్టాలి. ఆ రెండవ చేయి వసుంధరది అయింది. మర పక్కనుండి మొదట నురుగు, తరువాత బుడగలు, చివరకు తేటగా డీజిలు వచ్చాయి. ఆ తేటలో కొంత ఆమె చీర కుచ్చెళ్ళమీద పడింది. ఇంజను అంటుకుంది. పావుతక్కువ తొమ్మిదికి మళ్ళీ కదిలాము.

“సూసినారా, మురికే” అన్నాడు మునిరత్నం సంతోషంగా.

ఆ సంతోషం తొమ్మిది దాటి పది నిమిషాల వరకే నిలిచింది. మునుపటిలాగే వేగం తగ్గి, దగ్గి, ఆగింది. ఈసారి అతడు తొట్టినుండి వచ్చే గొట్టాన్ని పంపు దగ్గర విప్పి, నోటితో గట్టిగా ఊదాడు. వెనుక తొట్టిలో గుడగుడమని శబ్దం వినబడింది. డీజిలు రుచి చూసిన అతని ముఖం చూడవలసిందే. అప్పుడే తిరుపతి బస్సొకటి మా పక్కగా నెమ్మదించింది. వసుంధర చేయి ఊపింది. మెట్టుమీద కూడా మనుషులు వేలాడుతున్నారు.

“చోటు లేదమ్మా” అన్నాడు కండక్టరు.

కిటికీలోనుండి ఒకాయన మా బండిని పైనుండి కిందికి చూసి, “ఏమప్పా, పెండ్లికొడుక్కు మాదిరి బొట్లు పెట్టినారే. ఊరేగింపు యాడిదాకా?” అన్నాడు. బస్సంతా నవ్వింది. మునిరత్నం ఉమ్ముతూ, “నీ ఊరిదాకేలే, పో” అన్నాడు.

గొట్టం బిగించి, గాలి తీయగానే ఇంజను అంటుకుంది. గొట్టంలోని చెత్త పోయిందని ఈసారి అతని నిర్ణయం. నేనూ నమ్మాను. వసుంధర మాత్రం పుస్తకం మూసివేసి గడియారం చూసుకున్నది.

“తాతా, రెండుసార్లూ కొంతదూరం బాగా పోయి, ఒకే మాదిరి ఆగింది. చెత్తకు అంత లెక్క ఎట్ల తెలుస్తుంది?” అన్నది.

తొమ్మిదీ నలభైఅయిదుకు మూడవసారి ఆగింది. చంద్రగిరి ఇంకా దూరం. కనుచూపు మేరలో ఊరు లేదు. దారిపక్క చేనిలో మాత్రం ఒక నీటి ఇంజను టకటకమంటున్నది. పాకాలకు పోయి రైలెక్కితే ఎలా ఉంటుందని నేనన్నాను. “ఆ రైలు ఈపాటికి తిరుపతిలో ఉంటాది, అయ్యవారూ” అన్నాడు మునిరత్నం. వసుంధర ధ్రువపత్రాల సంచిని రెండు చేతులతో గుండెకు హత్తుకొని నిలబడింది. నన్ను నిందించి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

నీటి ఇంజను దగ్గరనుండి ఒక నడివయసు స్త్రీ పార భుజాన వేసుకొని వచ్చింది. పేరు చెంగమ్మ, ఆ చేను ఆమెదే.

“ఏమి సామీ, ఇందాకట్నుంచి సూస్తా ఉండా. బండి పూజకు నిలిపినారా, చెడిపోయి నిలిచినాదా?”

మునిరత్నం వడపోత సంగతి, గొట్టం సంగతి చెప్పాడు. ఆమె చివరి వరకు విన్నది.

“తొట్టి మూత తీసి సూసినారా?”

“దానికేమమ్మా, డీజిలు నిండా ఉండాది.”

“డీజిలు కాదప్పా నేనడిగేది. పోయినేడు వానకు తడుస్తాదని మా ఇంజను తొట్టి మూతకు ప్లాస్టిక్ కవరు బిగించి కట్టినా. అరగంటకొకసారి ఆగిపోయేది. మేస్త్రీ మూడుదినాలు తిరిగి, పంపంతా విప్పి, ఏమీ తెలీక పాయె. నేను కవరు ఊడదీస్తానే, పాడు ముండ, అడగకుండానే పరిగెత్తె.”

ఆమె బండి వెనుకకు నడిచి మూతమీద చేయి వేయబోయింది. “అమ్మా, అది పూజ చేసిన మూత” అన్నాను నేను.

“పూజ నాకూ తెలుసు సామీ. నా ఇంజనుకూ చేస్తా” అంటూ ఆమె మూత తిప్పింది. లోపలికి గాలి పీల్చుకుంటూ ‘ఉస్స్’మని దీర్ఘమైన ధ్వని వచ్చింది. మేమందరం ఒకరినొకరం చూసుకున్నాము.

మూత నడుమ సూదిమొన పట్టేంత రంధ్రమొకటి ఉంటుంది. నా గంధం దానిలోకి దిగి, వైశాఖమాసపు ఎండకు సున్నంలా గట్టిపడింది. వసుంధర వంగి చూసి నాకు మెల్లగా చెప్పింది: “లోపల డీజిలు తగ్గేకొద్దీ ఆ చోటికి గాలి పోవాల తాతా. గాలికి దారి మూసేస్తే డీజిలు కదలదు. మనం ఆగినప్పుడు కొంచెం కొంచెంగా గాలి చొరబడేది, ఆయన గొట్టంలో ఊదినప్పుడు ఇంకా పోయింది. అందుకే మళ్ళీ నడిచేది.”

“అంటే మందు వేసింది నేనే, రోగం పెట్టింది అయ్యవారా?” అన్నాడు మునిరత్నం. అతడు నవ్వాలో వద్దో తెలియక నా వంక చూశాడు. నేనే ముందు నవ్వాను.

చెంగమ్మ కంచెలోనుండి తుమ్మముల్లు విరిచి తెచ్చి రంధ్రాన్ని శుభ్రం చేసింది. నా ఉత్తరీయపు కొంగుతో ఆ మూతమీది గంధాన్ని నేనే తుడిచాను. “ఇంత పక్కకు పెట్టుకోండి సామీ, దేవుడు ఏమనుకోడు” అన్నది ఆమె.

పదీ పదికి కదిలాము. చంద్రగిరి కోట ఎడమవైపునో కుడివైపునో ఉన్నదని కూడా ఆనాడు నేను గమనించలేదు. తిరుపతిలో రైలుగేటు అదృష్టవశాన తెరిచి ఉన్నది. పదీ యాభైఏడుకు కళాశాల ద్వారం ముందు వసుంధర దిగి పరుగెత్తింది.

పన్నెండు గంటలకు ఆమె బయటికి వచ్చింది. పిలుపు వరుసలో ఆమె పేరే మొదటిదట. చీరమీద మరక ఏమిటని పరీక్షకులు అడిగారట. డీజిలని చెప్పి, జరిగినదంతా వివరించవలసి వచ్చిందట. ఒకాయన కాగితం ముందుకు జరిపి తొట్టి బొమ్మ గీసి చూపమన్నాడట.

“ఆ గంధం ఎవరు పూశారని అడిగారా?” అన్నాను.

“అడిగినారు తాతా. ఇంట్లో పెద్దవాళ్ళు అన్నాను. ఎవరింట్లో అని అడగలేదు.”

తిరుచానూరు వెళ్ళి, ఒక పూటకూళ్ళ ఇంట్లో పప్పు, వంకాయకూర, చిక్కని మజ్జిగతో భోజనం చేశాము. అమ్మవారి దర్శనం మూడున్నరకు అయింది. నాలుగింటికి తిరుగు ప్రయాణం. బండి ఒక్కచోట కూడా దగ్గలేదు. చెంగమ్మ చేను దగ్గర మేమే ఆపి, అమ్మవారి ప్రసాదం, ఒక మూర మల్లెపూలు ఇచ్చాము. ఆమె పూలు తురుముకొని, “అమ్మణ్ణికి పని వచ్చినాదా?” అని అడిగింది. ఇంకా తెలియదన్నాము. “వస్తాదిలే. రాకపోతే ఈడికే రా, రెండు ఇంజన్లు ఉండాయి” అన్నది. ఆ మాటను వసుంధర చిత్తూరు చేరేవరకు తలచుకొని తలచుకొని నవ్వుతూనే ఉన్నది. ఆరూ ముప్పావుకు ఇల్లు చేరాము.

ఈ దారిన డీజిలు బండిలో వెళ్ళేవారికి నా విన్నపం ఇంతే: బండి ఆగితే ఇంజను విప్పకముందు తొట్టి మూత సడలించి చెవి ఒగ్గండి. దారి పొడుగునా చేలున్నాయి, ఇంజన్లున్నాయి, వాటిని ఎరిగినవారున్నారు. అడగడానికి సంకోచించకండి. నేను అరవై ఎనిమిదేళ్ళు ఈ జిల్లాలో బ్రతికి, ఇక్కడి మనుషులకు ఇంత తెలుసునని ఆనాడే తెలుసుకున్నాను.

అదే సంవత్సరం జ్యేష్ఠ బహుళ విదియ, సోమవారంనాడు వసుంధర ఆ కళాశాలలో ఉద్యోగంలో చేరింది.