ఎవాంజలిన్ ఆఫీసుకు రెండో మనిషి

బంగారు గనులు మూతపడ్డ మరుసటేడు, గని కార్మికుడి కూతురు ఎవాంజలిన్‌కు కోలారులో సర్కారు గుమాస్తా ఉద్యోగం దొరికింది. అప్పటినుంచీ గనుల దగ్గరి ఊరిగాంలోని కంపెనీ ఇంట్లోంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లి వస్తోంది.

ఆరేళ్ల కిందట కొత్త పని వచ్చి పడింది. వాతావరణ మార్పును తట్టుకోవడానికి జిల్లాకొక ప్రణాళిక వేశారు. ఏ ఊళ్లో ఎంత వాన పడింది, బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అన్నది నెలనెలా పట్టిక వేసి బెంగళూరు ఆఫీసుకు పంపాలి. నలుగురిని మంజూరు చేశారు గానీ వచ్చింది ఆమె ఒక్కతే. మిగతా మూడు కుర్చీల్లో ఫైళ్లు పేర్చుకుంది. జ్వరమొచ్చినా సెలవు పెట్టేది కాదు; పెడితే ఆ నెల పట్టిక ఆగిపోయేది.

పోయిన జూన్‌లో నేత్రావతి చేరింది. మాలూరు తాలూకా లక్కూరులో రాగులు పండించే ఇంటి ఆడబిడ్డ, ముప్పై దాటిన మనిషి. ఎవాంజలిన్ ఒక కుర్చీలోని ఫైళ్లు తీసి ఆమెను కూర్చోబెట్టింది.

"ఈ పట్టిక ఒకసారి చూడమ్మా. రేపు బెంగళూరుకు పోవాల."

చూస్తూ చూస్తూ నేత్రావతి ఆగింది.

"అక్కా, మా లక్కూరు బావిలో పద్దెనిమిది మీటర్లకే నీళ్లుండాయని రాసినారే. యాడుండాయక్కా? మా నాయన బోరు ఎండి రెండేండ్లాయె."

ఎవాంజలిన్ కొలత టేపు తీసి సంచిలో పెట్టుకుంది. మధ్యాహ్నం బస్సుకే ఇద్దరూ లక్కూరు వెళ్లి బావిలోకి టేపు దించారు. నలభై ఎనిమిది. లెక్కలు రాసుకునే చేతిపుస్తకంలోని నాలుగు ఎవాంజలిన్ కంటికి ఒకటిగా కనబడిందన్నమాట. ఆ అంకె అలాగే పోయుంటే లక్కూరు కరువు జాబితాలోంచి జారిపోయేది. పొలాల్లో నీటిగుంటలు తవ్వే పని ఆ ఏటికి ఆ ఊరికి దక్కేది కాదు.

"కండ్లల్లో పొర వచ్చిందమ్మా. ఆపరేషను చేసుకోమని డాక్టరు చెప్తానే ఉండాడు. నా బదులు యెవరు చూస్తారని పోలేదు."

"ఇంగ నేనుండాను కదక్కా. పోయి చేయించుకోండి."

సిగ్గుపడాల్సిన చోట ఎవాంజలిన్‌కు ప్రాణం తేలికపడింది. ఆరేళ్లుగా తన తప్పు పట్టుకునే మనిషే లేకపోయింది. ఇంకెన్ని అంకెలు అలా పోయాయోనని ఆ సాయంత్రమంతా పాత పట్టికలు ఇద్దరూ తిరగేశారు. ఇంకేమీ దొరకలేదు.

సరిదిద్దిన పట్టిక మర్నాడు బెంగళూరుకు వెళ్లింది. ఆ వెంటే ఎవాంజలిన్ సెలవు అర్జీ పెట్టింది.

ఆపరేషనైన మూడో రోజు ఉండబట్టలేక ఆఫీసుకు ఫోను చేసింది.

"వాన కాగితాలన్నీ వచ్చేసినాయక్కా, ముళబాగిలు తాలూకాది తప్ప. దానికి నేను ఫోను చేస్తాలే. మీరు పండుకోండి," అంది నేత్రావతి.

ఎవాంజలిన్ ఫోను పక్కన పెట్టి, పట్టపగలు హాయిగా నిద్రపోయింది.