నోట్సులో లేని లైను

హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెబుతాను. రోజూ పొద్దున్నే పెనుకొండ నుంచి బస్సు. ఉద్యోగం తాత్కాలికం. ప్రతి జూన్‌లో ప్రిన్సిపాలు సరేనంటేనే మళ్లీ ఉంటుంది. ధర్మవరంలో చదివేటప్పుడు రాసుకున్న నోట్సునే పిల్లలకు డిక్టేట్ చేస్తాను. అందులోని ప్రోగ్రాముల్లో ఒక్కదాన్నీ మిషన్ మీద నడిపి చూసిన పాపాన పోలేదు. మా ల్యాబులో కంప్యూటర్లు పనిచేసిన రోజు కరెంటు ఉండదు, కరెంటు ఉన్న రోజు తాళంచెవి దొరకదు.

రెండేళ్ల కిందట ఒకరోజు అన్నీ దొరికాయి. లేపాక్షి నుంచి వచ్చే అమ్మాయి నా నోట్సులోని లూపు ప్రోగ్రాం కొట్టింది. లూపంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం. ఇది ఒకటి నుంచి పది దాకా అంకెలు చూపించి ఆగాలి. తెర నిండా ఒకట్లే వచ్చాయి.

"సార్, ఆగేదే లేదు. ఒకటే వస్తాండాది."

"మిషన్ పాతదమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఊరుకుంటేనా! కాసేపు తెరకేసి చూసి, ప్రతిసారీ అంకెను ఒకటి పెంచమనే లైను చేర్చింది. పది దగ్గర ఠక్కున ఆగింది. నా నోట్సు తీసి చూసుకున్నాను. చదువుకునే రోజుల్లో కాపీ చేస్తూ ఆ లైను ఎగరగొట్టింది నేనే. అప్పటికి మూడేళ్లుగా ఆగని ప్రోగ్రామును పాఠమని చెబుతూ వచ్చాను.

మర్నాడు ఆమె ల్యాబ్ రికార్డు పుస్తకం దిద్దించుకోడానికి తెచ్చింది. కొత్త లైను చక్కగా రాసుకుంది. అప్పటికే మిగతా క్లాసంతా తప్పు రాస్తే నేను సంతకాలు పెట్టేసి ఉన్నాను. సంగతి ప్రిన్సిపాలు చెవిన పడితే జూన్‌లో నాకు బస్సెక్కే పని ఉండదు. ఎర్ర పెన్నుతో ఆ లైను కొట్టేసి, కింద సంతకం పెట్టాను.

"అది లేకుంటే ఆగదు కద సార్?"

"నోట్సులో లేనిది రాయొద్దు."

ఆమె రికార్డు మూసి తీసుకెళ్లింది. సిగ్గుతో నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఈ ఏడాది లూపు పాఠం వచ్చినప్పుడు, ఉద్యోగం పోతే పోయిందనుకున్నాను. ఆ లైను బోర్డు మీద పెద్దగా రాశాను. "ఇది లేకపోతే ఆగదు" అని గట్టిగా చెప్పాను. ప్రాణం తేలికపడింది.

మా పిల్లలు పాఠం వినకముందే పైక్లాసు వాళ్ల రికార్డులు తెచ్చి తమవాటిలోకి ఎక్కించేసుకుంటారు. ముందు బెంచీలో అమ్మాయి అలాంటి పాత రికార్డు పట్టుకుని లేచింది.

"సార్, ఆ లైను తప్పంట కద. లేపాక్షి అక్క రాసుంటే మీరే కొట్టేసినారు. ఈడ చూడండి, మీ సంతకం ఉండాది. మేమందరం దీన్ని చూసే రాసేసినాం."

ఎర్ర గీత ఇంకా వెలిసిపోలేదు. క్లాసంతా పెన్నులు ఆపి నాకేసి చూసింది.

"ఏది కరెక్ట్ సార్?"

నేను డస్టర్ అందుకుని బోర్డు మీది లైను తుడిచేశాను.