పొయ్యి వెలగని ఇంట్లో అన్నం వాసన

హాతీరాం ముక్కుకు మొర్రివాగు తండాలో ఉన్న పరపతి తండా నాయక్‌కు కూడా లేదు. ఎద్దును కొనబోయేవాడు ఎవడైనా పళ్లు చూస్తాడు, సుళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. హాతీరాం అవేవీ పట్టించుకోడు. ఎద్దు ముట్టె దగ్గరికి వంగి, కళ్లు మూసుకుని, దాని ఊపిరి తన ఊపిరిలోకి పీల్చుకునేవాడు. "పొద్దుగాల చొప్ప తిన్నది, నీళ్లు సరిగ్గ తాగలే, లోపల జరం తిరుగుతున్నది. వద్దు" అనేవాడు. ఆయన వద్దంటే వద్దు, అంతే! వేంసూరు నుంచి కూడా రైతులు బస్సెక్కి వచ్చి ఆయన్ను సంతకు వెంటబెట్టుకుపోయేవాళ్లు. అరవై ఏళ్లకు కళ్లు మసకబారాయి, ఒక చెవి సరిగా వినపడదు. అయినా ఆ ముక్కును చూసుకుని మనిషికి నిలువెల్లా గర్వమే.

మరి అంతటి ముక్కు ఒక ఆడమనిషి కొంప ఎలా ముంచబోయిందో చెప్పాలి. జూలూరుపాడులో రూపాయి బిళ్ల వేస్తే మాట్లాడే ఎర్ర ఫోను డబ్బా కొత్తగా పెట్టిన ఏడు అది. మిరపకోతలు అయిపోయి, బస్తాలు ఖమ్మం యార్డుకు వెళ్లిపోయి, తండాలో జనం కాస్త ఖాళీగా ఉన్నారు. చేతికి పని లేకపోతే ఏం చేస్తారు? పక్కింటి మీద కన్నేస్తారు.

ఆ కన్ను పడ్డది హేమ్లి మీద. తండా చివర, వాగు ఒడ్డున ఆమె గుడిసె. హాతీరాంకు తమ్ముడి వరస అయినవాడి భార్య. వాడు పోయి మూడేళ్లయింది. పిల్లాజెల్లా లేరు. తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి, దొరికిన కూలి చేసుకుని తన తిండి తాను తినేది. ఎవరి గడపా తొక్కదు, ఎవరినీ చెయ్యి చాచి అడగదు. అలాంటి మనిషంటే తండాకు ఎప్పుడూ కాస్త అనుమానమే.

ఒక సాయంత్రం హాతీరాం పశువులను ఇంటికి తోలుకొస్తున్నాడు. హేమ్లి కంచె దగ్గరికి రాగానే ముందు నడుస్తున్న మైలరంగు ఎద్దు ఉన్నచోటే బిగుసుకుపోయింది. ముట్టె పైకెత్తింది, చెవులు రిక్కించింది, బుస్సుమని ఊపిరి వదిలి పేడ వేసింది. వెనకున్న పశువులు చెదిరి తలో దిక్కు పరుగెత్తాయి. ఎన్నడూ లేంది ఇదేమి వింతరా నాయనా అనుకుంటూ హాతీరాం కూడా గాలి పీల్చాడు.

అన్నం వాసన! అది కూడా అలాంటిలాంటి అన్నం కాదు. కొత్త సన్నబియ్యం వండి అప్పుడే గంజి వార్చినట్టు ఘుమఘుమలాడుతోంది. ఎప్పుడో వేంసూరులో ఒక పెద్ద రైతు ఇంటి పెళ్లిలో తిన్నాడు అట్లాంటిది. కంచె మీదుగా తొంగిచూశాడు. హేమ్లి పొయ్యి వాకిట్లోనే ఉంది. నిప్పు లేదు, పొగ లేదు, తెల్లగా చల్లారిన బూడిద. గుడిసెకు తడిక వేసి ఉంది. హాతీరాం చెదిరిన పశువులను గబగబా కూడదీసుకుని అక్కడి నుంచి కదిలాడు.

ఇంటికి వచ్చి భార్య సక్రికి చెప్పాడు. సక్రికి చెప్పడమంటే తండాకంతా చాటింపు వేయడమే. తెల్లారేసరికి ఎవరికివాళ్లకు ఏవేవో గుర్తుకొచ్చాయి. కిషన్‌లాల్ నల్ల కుక్క కనపడక పదిరోజులైంది. రామ్‌సింగ్ కుక్క అంతకుముందే పోయింది. "నల్లకుక్కతోని ఏం పని జేస్తరో తెల్వదా? ఎవలికి నైవేద్యం వండుతున్నదో ఏమో!" అన్నాడు కిషన్‌లాల్. హేమ్లి చేతబడి చేస్తున్నదన్న మాట ఇల్లిల్లూ తిరిగింది.

నాయక్ మంగీలాల్ స్వయంగా హాతీరాం దగ్గరికి వచ్చాడు. "కాకా, ఖాయంగ చెప్పు. అనుమానమేం లేదు గదా?"

"నా ముక్కు ఎన్నడన్న తప్పు జెప్పిందారా? నాకు వాసనొచ్చింది. ఎద్దు గూడ ఆగింది. నేనంటే మనిషిని, పశువు ఎందుకు అబద్ధమాడుతది?"

మళ్లీ నాలుగోనాడు ఎద్దు అక్కడే ఆగింది, అదే వాసన. ఆ వారంలోనే ఇంకోసారి. రెండు ముక్కులు ఒకే చోట ఆగాక ఇంకేం కావాలి? ఆదివారం పంచాయితీ అన్నాడు నాయక్. హాతీరాం ఆ మాట నలుగురిలో చెప్తే హేమ్లి గుడిసె పీకేస్తారు, ఆమెను తండా దాటిస్తారు. అంతటితో వదిలితే అదృష్టమే. ఆ చుట్టుపక్కల ఇలాంటి నింద పడ్డ మనిషికి మంత్రం పలకకుండా పళ్లు రాలగొట్టిన సంగతి అందరికీ తెలుసు.

శనివారం హేమ్లి ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడింది. "బావా, నువ్వన్నవనే నమ్ముతున్నరు. వచ్చి నా కుండలు సూడు."

వెళ్లాడు. ఒక కుండలో జొన్న గట్క. రేకు డబ్బాలో అడుగున నాలుగు గుప్పెళ్ల రేషన్ బియ్యం, నూకలూ గోనెవాసనా. ఇంకేమీ లేదు. లేకపోతే మాత్రం? ఎక్కడో దాచి ఉంటుంది అనుకున్నాడు. మనసు ఒకసారి వంకరపోయాక ఖాళీ కుండ కూడా సాక్ష్యమే. ఆయన వెనుతిరుగుతుంటే హేమ్లి ఏదో అడగబోయినట్టు నోరు తెరిచింది. మళ్లీ తల దించుకుని ఊరుకుంది. చూశావా, తప్పు చేసిన మనిషికి మాటెట్ల వస్తుంది అని హాతీరాం మనసులోనే మెటికలు విరిచాడు.

కానీ ఆ రేకు డబ్బా ఆయన్ను నిద్రపోనివ్వలేదు. నాలుగు గుప్పెళ్ల బియ్యం మిగిలిన మనిషి సన్నబియ్యం ఎవరికి పెడుతుంది? ఆదివారం పొద్దున్నే, పంచాయితీకి ఇంకా పొద్దుందని, మైల ఎద్దును తోలుకుని వాగు వెంట అడవిలోకి నడిచాడు. మంద వెళ్లని దారి అది. రెండు మైళ్లు పోయాక, బండల మలుపు దగ్గర, ఎద్దు ఆగిపోయింది. అదే ఆగడం. అదే బుస. వెంటనే పేడ.

హాతీరాం గాలి పీల్చాడు. సన్నబియ్యం అన్నం!

చుట్టూ చూశాడు. ఇల్లు లేదు, పొయ్యి లేదు, హేమ్లి లేదు. ముక్కు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే ఒక వంగిన మద్దిచెట్టు దగ్గర వాసన గుప్పుమంది. మొదలు మీద, తొడ ఎత్తున, తడి మరక. పక్కనున్న పొద ఆకుల మీద జిడ్డుగా చుక్కలు. బెరడు నిండా గోళ్ల గీరలు. కింద ఇసకలో అరచేయంత అడుగులు, గోరు గుర్తు లేని గుండ్రటి అడుగులు. చిరుతపులి! చెట్టు మీద చిమ్మిన ఆ తడి దాని ఉచ్చే. కాస్త అవతల ఎండిన పెంటలో నల్లటి కుక్క వెంట్రుకలు.

ఒక ఆకు తుంచి వాసన చూశాడు. పెళ్లి విందే. అదే ఆకును ఎద్దు ముట్టె ముందు పెడితే అది కనుగుడ్లు వెళ్లబెట్టి పగ్గం తెంపుకోబోయింది. హాతీరాం అక్కడే బండ మీద కూలబడ్డాడు. ఆ మూగజీవం కంచె దగ్గర ఆగిన ప్రతిసారీ పులి వచ్చిపోయిందని చెప్తూనే ఉంది. తనకేమో అన్నం తోచింది. నలభై ఏళ్లు ఎడ్ల ఊపిరి పీల్చి బతికినవాడు! సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. వెంటనే ఇంకో పాడు ఆలోచన కూడా వచ్చింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? చెప్తే రేపటి నుంచి ఈ ముక్కును నమ్మి ఏ రైతు బస్సెక్కి వస్తాడు? చివరికి లేచి ఆకుల కొమ్మ విరిచి, ఆ వెంట్రుకల పెంటను టేకాకులో పొట్లం కట్టి, తండా దారి పట్టాడు.

నాయక్ ఇంటి ముందు జనం కూడి ఉన్నారు. నడుమ నేల మీద హేమ్లి. "చెప్పు కాకా" అన్నాడు మంగీలాల్.

"నా ముక్కు తప్పు జెప్పింది" అన్నాడు హాతీరాం.

కలకలం రేగింది. ఆయన కొమ్మను మంగీలాల్ చేతికిచ్చాడు. "వాసన సూడు."

"అన్నం... సన్నబియ్యం."

"అవ్. ఇగ పశువులనడుగు." కొమ్మను తీసుకుని, పక్కన గుంజలకు కట్టేసిన ఎడ్ల ముందు ఆడించాడు. ఎడ్లన్నీ ఒక్కసారిగా వెనక్కి గుంజుకున్నాయి. ఒకటి తలుగు తెంపుకుని పారిపోయింది. ఆయన టేకాకు పొట్లం విప్పి కిషన్‌లాల్ ముందు పెట్టాడు. "ఇగో, నీ నల్లకుక్క. చిరుతపులి తిన్నది. ఆ వాసన గూడ దానిదే. వాగు వెంట మన తండా దాంక వస్తున్నది. పశువు నిజమే జెప్పింది. నేనే నా తిండియావతోని విన్న."

హేమ్లి లేచి వచ్చి ఆ కొమ్మను తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"ఇదా?" అంది. "మూడు వారాల సంది నాకు గూడ వస్తనే ఉన్నది బావా. మీ ఇంట్లనే వండుతున్నరనుకున్న. గట్క తాగుకుంట, ఒక్కనాడన్న ఒక్క ముద్ద పెట్టకపాయిరే అని మిమ్ముల తిట్టుకున్న. నిన్న నువ్వు నా కుండలు సూసినవు గదా... నీ కుండలు గూడ సూడనియ్యి అని అడుగుదామనుకున్న. సిగ్గయ్యి ఊకున్న."

ఆ మధ్యాహ్నం సక్రి ఇంట్లో ఉన్న బియ్యమంతా పోసి వండి, హేమ్లిని పిలవడానికి రెండుసార్లు వెళ్లింది. హేమ్లి రాలేదు.